వేయి సీసాల సంతలో ఒక్క నాలుక

సంతకు వెళ్ళినవాడెవడూ సంతనంతా మూటగట్టుకుని రాడు. వంకాయల గుట్ట ముందు నిలబడి, నాలుగు కాయలు తిప్పి చూసి, కావలసిన అరకిలో తూయించుకుని ఇంటిదారి పడతాడు. ఇంతటి వివేకం గల మనిషే, "రుచి చూడండి, డబ్బక్కరలేదు" అన్న మాట చెవిని పడగానే చలించిపోతాడు. పెళ్ళివిందులో మొదటి రెండు పిండివంటలతోనే కడుపు నింపుకుని, అసలైన బొబ్బట్టు వచ్చే వేళకు విస్తరిమీద చెయ్యి అడ్డం పెట్టే పెద్దమనుషులను మనం ఎరుగని వాళ్ళం కాము. పాపం, ఏది వదులుకోవాలో వారు ముందుగా అనుకోలేదు.

ఈ వదులుకునే విద్య ఎంత కష్టమో, ఎంత అవసరమో నాకు బాగా తెలిసివచ్చిన చోటు ప్యారిస్ నగరం. అక్కడ ఏటా నవంబరు చివరలో జరిగే వైను సంతకు నిరుడు వెళ్ళివచ్చాను.

"వైనా! శివశివా!" అని పేజీ తిప్పెయ్యబోయే పాఠకులకు ఒక్క మనవి. తాగమని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. మద్యం ఏ కొద్దిపాటి తాగినా ఆరోగ్యానికి బొత్తిగా హాని లేదనడానికి వీల్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగానే చెప్పింది. అయితే ఈనాడు మన పిల్లలు దేశదేశాల్లో ఉద్యోగాలు చేస్తున్నారు. వారిని చూడబోయిన తలిదండ్రులను ఊరు చూపించే ఉత్సాహంలో ఇలాంటి చోట్లకు తీసుకుపోతున్నారు. వెళ్ళినవారు వేడుక చూసి, నాలుగు సంగతులు తెలుసుకుని, మర్యాదగా తమ కాళ్ళమీద తాము తిరిగిరావాలంటే కొంత తరిఫీదు కావాలి. ఆ తరిఫీదు వైనుకే కాదు, ఏ సమృద్ధి ఎదుటనైనా పనికివస్తుంది.

సంత స్వరూపం

నగరానికి దక్షిణపు అంచున పోర్ట్ ద వెర్సాయ్ అనే చోట పెద్ద పెద్ద ప్రదర్శనశాలలున్నాయి. స్వతంత్ర ద్రాక్షరైతుల సంత అక్కడే. తోట తామే పెంచి, పండు తామే పులియబెట్టి, సీసాల్లోకి తామే ఎత్తి, తామే అమ్ముకునే రైతుల సంఘం అది. 1978లో పుట్టింది. భుజాన పీపా మోస్తున్న మనిషి బొమ్మ దాని గుర్తు. సీసా మెడమీద ఆ బొమ్మ ఉంటే ఆ వైను ఫలానా రైతు చేతిదని అర్థం.

మనలో చాలామంది వైనునూ సారాయినీ ఒకే గాటను కడతారు. సారాయి బట్టీ పెట్టి దించేది. వైను పులిసిన ద్రాక్షరసం, అంతే. మన ఆయుర్వేదంలోని ద్రాక్షాసవానికి దూరపు చుట్టమనుకోవచ్చు. హైదరాబాదు చుట్టుపక్కల ఒకప్పుడు విరివిగా పండిన అనాబ్-ఎ-షాహీ వంటి బల్లమీది ద్రాక్షకు కండ ఎక్కువ. వైను ద్రాక్ష గింజంత చిన్నది కాకపోయినా చిన్నదే. తోలు మందం, లోపల విత్తనాలు. రసం చాలా రకాల్లో తెల్లగానే ఉంటుంది. ఎరుపు వచ్చేది తోలునుంచి. తోలుతోసహా నానబెడితే ఎర్ర వైను, తోలు తీసేసి రసం మాత్రమే పులియబెడితే తెల్ల వైను.

లోపలికి అడుగు పెట్టగానే చేతికొక గాజు గ్లాసు ఇస్తారు. ఎదుట వీధులు వీధులుగా సుమారు వెయ్యి బల్లలు. బల్లకొక రైతు కుటుంబం. భార్యాభర్తలో, తండ్రీకొడుకులో నిలబడి ఉంటారు. కొనుగోలుదార్లు చిన్నచిన్న తోపుడుబళ్ళు వెంట తెచ్చుకుని అట్టపెట్టెలు వాటిమీద పేర్చుకుపోతుంటారు. అచ్చంగా మన తిరనాళ్ళే, రంగులరాట్నమొక్కటే తక్కువ.

బల్లకు అయిదు రకాలని వేసుకున్నా అయిదు వేల రకాలైనాయి. రకానికొక్క నిమిషం కేటాయించినా ఎనభై మూడు గంటలు పడుతుంది. రోజుకు ఎనిమిది గంటలు విసుగు లేకుండా తిరిగినా పది రోజులకు పైమాటే. అంటే అంతా చూడటం ఎవరివల్లా కాదు. ఈ సంగతి గుమ్మం దగ్గరే ఒప్పుకున్నవాడు సగం గెలిచాడు.

ఒక చిన్న లెక్క

రెండో లెక్క ఇంకా ముఖ్యం. రుచికని రైతు పోసేది తక్కువే. ఇరవై అయిదు మిల్లీలీటర్లు, అంటే మందు చెంచాతో అయిదు చెంచాలనుకోండి. అది ఎవరినేం చేస్తుంది అనిపిస్తుంది. కాని అలాంటివి ముప్ఫై కలిస్తే సరిగ్గా ఏడువందల యాభై మిల్లీలీటర్లు. ఒక నిండు సీసా! వందకు పదమూడు పాళ్ళ మద్యసారం గల వైనైతే అందులో శుద్ధ మద్యసారమే దాదాపు తొంభై ఏడు మిల్లీలీటర్లు. రెండు వీధులు తిరిగేసరికి, తాగాలన్న ఉద్దేశమే లేని మనిషి ఒక సీసా తాగినవాడౌతాడు. ఆ తరువాత అతను రుచి చూసేదేమిటి? రుచే అతన్ని చూసి నవ్వుతుంది.

అందుకని తెలిసినవారందరూ అక్కడ చేసే పని, ఉమ్మెయ్యడం. ప్రతి బల్లమీదా అందుకొక పాత్ర ఉంటుంది. ఫ్రెంచి భాషలో క్రాష్వార్ అంటారు. నన్ను తీసుకువెళ్ళిన మా మేనల్లుడు దాన్ని చూపించి కాస్త మొహమాటపడ్డాడు.

"మావయ్యా, మీరేమీ అనుకోకండి. ఇక్కడ పెద్ద పెద్ద పండితులే ఉమ్మేస్తారు."

"ఇందులో అనుకోవడానికేముందిరా? మన పాత లోగిళ్ళలో తమ్మపడిగ ఉండేది కాదూ!" అన్నాను.

నిజమే. తాంబూలం నమిలి తమ్మ ఉమ్మడానికి ఇత్తడి పడిగలు పెట్టుకున్న జాతి మనది. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. అంత ఖరీదైన వస్తువు ఉమ్మడం దుబారా కదా అంటారేమో. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఇల్లాలు ఒక్క మెతుకు పట్టుకు చూస్తుంది గాని గిన్నెడన్నం తినదు. పరీక్షకూ భోజనానికీ ఉన్న తేడాయే ఇక్కడా ఉన్నది.

ఉమ్మినా కొంత లోపలికి పోకమానదు. కాబట్టి బండి నడుపుకుంటూ వెళ్ళకూడదు. ఫ్రాన్సులో లీటరు రక్తానికి అర గ్రాము మద్యసారం దాటితే నేరం. మన దేశంలో చట్టం ఇంకా కట్టుదిట్టం: నూరు మిల్లీలీటర్ల రక్తానికి ముప్ఫై మిల్లీగ్రాములే హద్దు. ప్రదర్శనశాల ఎదుటనే పన్నెండో నంబరు మెట్రో ఆగుతుంది. మేము దానిమీదనే వెళ్ళాం. కడుపులో కాస్త ఆహారం వేసుకుని వెళ్ళడం, మధ్యమధ్య మంచినీళ్ళు తాగడం, ఉప్పు లేని రొట్టెముక్క కొరకడం, ఇవి తక్కిన నియమాలు.

ముందు రోజు చెయ్యవలసిన పని

సంతకు వచ్చే రైతుల జాబితా, బల్లల పటం ముందుగానే దొరుకుతాయి. ఆ రాత్రి మా మేనల్లుడూ నేనూ వాటిని ముందేసుకు కూర్చున్నాం. అంతకు ముందేడు అతను జాబితా చూడకుండా వెళ్ళాడట. మొదటి వీధి దాటలేదు, ఏం చూశాడో గుర్తు లేదు. ఈసారి ఒక్క ప్రశ్న పెట్టుకుందామన్నాను. ఒకే రకం ద్రాక్ష, పక్కపక్క గ్రామాల్లో పండితే, ఎందుకు వేరుగా ఉంటుంది?

దానికి తగిన ప్రాంతం లియోన్ నగరానికి ఉత్తరాన ఉన్న బోజొలే. అక్కడ ఎర్ర వైనుకు వాడేది గమే అనే ఒక్కటే ద్రాక్ష. దాన్ని తమ ఊరి పేరుతోనో దిబ్బ పేరుతోనో అమ్ముకునే హక్కు పది చోట్లకే ఉన్నది. వాటిలో మూడింటిని ఎంచుకున్నాం. ఫ్లరీలో ఎర్ర గులకరాతి నేల. అక్కడి వైను పలచగా పూలవాసన వేసింది. మోర్గాన్‌లో కుళ్ళిన పలకరాయి; ముద్దగా, నేరేడుపండు నమిలినట్టు నాలుక పట్టింది. మూలన్-ఆ-వాన్ అంటే గాలిమర. ఆ పేరున్న వైను మూడింటిలోకీ గట్టిది, ఇంకా నాలుగేళ్ళు ఆగి రమ్మన్నట్టుంది. మన బంగినపల్లి అంటే తెచ్చిన తోటను బట్టి తీపి మారదా? అదే ఇక్కడ గ్లాసులో పక్కపక్కన పెట్టి చూపించారు. మూడు వందల రకాలు వరుస లేకుండా తాగినా ఈ ఒక్క సంగతి తెలిసేది కాదు.

తరువాతి వరుసను గురించి పెద్దలు చెప్పేది మన భోజనం వరుస లాంటిదే. పలచనిది ముందు, చిక్కనిది వెనుక. తెలుపు ముందు, ఎరుపు వెనుక. తీపి అన్నిటికంటె చివర. లడ్డూ తిని కాఫీ తాగితే కాఫీ చప్పగా ఉండటం అందరికీ అనుభవమే. ఎర్ర వైనులోని వగరు ఒక గుక్కమీద ఇంకొక గుక్క పేరుకుంటూ పోతుంది. అయిదారు రకాలయ్యాక నాలుకకు విశ్రాంతి ఇవ్వాలి. బుర్గండీ సీమలో మాత్రం ఎరుపు ముందు, తెలుపు తరువాత రుచి చూపించే రైతులు చాలామంది ఉన్నారు. ఏ ఊరి ఆచారం ఆ ఊరిది.

చీజు దగ్గర కొంచెం జాగ్రత్త. ఉప్పూ కొవ్వూ కలిసి వగరును మెత్తబరుస్తాయి. చీజు తిన్న నోటికి లోపాలున్న వైను కూడా బాగున్నట్టే తోస్తుంది. తెలివైన అమ్మకందారుకు ఈ రహస్యం తెలుసు. వక్కపొడి వేసుకున్న నోటితోను, ఘాటైన సెంటు పూసుకున్న బట్టలతోను వెళ్ళకూడదు. మొదటిది మన రుచిని చెడగొడుతుంది, రెండోది పదిమంది రుచినీ చెడగొడుతుంది.

ముక్కు చెప్పే మాటలు

గ్లాసు అడుగున కాస్త పోసి, గుండ్రంగా తిప్పి, ముందు వాసన చూస్తారు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1977లో ఈ పనికి ఒక గ్లాసు కొలతలు నిర్ణయించింది. పొట్ట వెడల్పు, మూతి సన్నం. మొత్తం రెండువందల పదిహేను మిల్లీలీటర్లు పట్టే దాంట్లో యాభైయే పొయ్యాలి. మిగతా చోటంతా వాసనది. మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ పాలు వాసనే గదా. జలుబు చేసిననాడు చారూ సాంబారూ ఒకటే అయిపోవడానికి కారణమిదే. ఈ కారణంచేతనే, చుక్క ముట్టనివారు కూడా ఈ సంతలో ముక్కుతోనే సగం విద్య సంపాదించవచ్చు. ఆ రోజున గ్లాసు వాసన చూసి పక్కన పెట్టేసిన ఆడవాళ్ళనూ వృద్ధులనూ చాలామందిని చూశాను. ఏ రైతూ చిన్నబుచ్చుకోలేదు.

వాసనకు మాటలు దొరకడమే కష్టం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆన్ నోబుల్ అనే శాస్త్రజ్ఞురాలు తోటివారితో కలిసి 1984లో వైను వాసనలకు ఒక పదకోశం వంటిది తయారుచేసింది. చక్రంలా గీసిన ఆ పట్టిక లోకమంతా వాడుకలో ఉన్నది. అయితే అందులోని పళ్ళు చాలావరకు చలిదేశపు పళ్ళు. మనం తిని ఎరుగని పండు పేరు పుస్తకంలో రాసుకుంటే రేపు అదేం గుర్తు చేస్తుంది? నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కాబట్టి నా పుస్తకంలో తెలుగుమాటలే రాసుకున్నాను: నేరేడు, వాక్కాయ, ఉసిరి, పచ్చిమామిడి జీడి, తాటిబెల్లం, తడిసిన మట్టి.

మనకు ఇందులో ఒక వీలు కూడా ఉన్నది. ఎర్ర వైనుకు ప్రాణం వగరు. దాన్ని ప్రత్యేకమైన రుచిగా లెక్కించి, షడ్రుచుల్లో పీట వేసిన సంప్రదాయం మనది. ఏటా ఉగాదినాడు ఒక్క చెంచా పచ్చడిలో వేపపువ్వు చేదునీ, మామిడి పిందె వగరునీ, చింతపండు పులుపునీ, బెల్లం తీపినీ విడివిడిగా గుర్తుపట్టే పిల్లవాడికి వైను పరీక్ష కొత్త విద్య కాదు.

రోన్ నది ఒడ్డున పండే ఒక ద్రాక్ష పేరు సిరా. వైను కూడా మన కలంలో పోసే సిరాకు చుట్టమేమో అన్నంత నల్లగా ఉన్నది. ముక్కు దగ్గర పెట్టుకోగానే, "మిరియాలు!" అన్నాను. మా మేనల్లుడు ఆ మాట ఫ్రెంచిలో చెప్పగా రైతు ముఖం విప్పారింది. ఆ పోలిక కవిత్వం కాదు. మిరియాలకు ఆ వాసననిచ్చే రొటండోన్ అనే పదార్థమే సిరా ద్రాక్షతోలులోనూ ఉన్నదని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2008లో కనిపెట్టారు. మన వంటింటి పోపులడబ్బా దగ్గర అలవాటుపడిన ముక్కును తక్కువ అంచనా వెయ్యకండి.

మన ఆలంకారికులు కవిత్వానికి ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని మూడు పాకాలు చెప్పారు. నోట్లో వేసుకోగానే రసమిచ్చేది ద్రాక్ష. పెంకు పగలగొడితే గాని లోపలి తీపి అందనిది కొబ్బరికాయ. అసలైన ద్రాక్షరసంలో కూడా ఈ తేడాలున్నాయి. వగరు నిండిన కొన్ని లేత వైనులు అచ్చంగా నారికేళపాకమే. వాటిని తొందరపడి తోసిపుచ్చకూడదు. ఎప్పుడు రమ్మంటాయో రైతును అడగాలి.

చీటీని నమ్మవద్దు

సీసామీది చీటీ, ధర, పక్కవాడి పొగడ్త, ఇవి మూడూ నాలుకను లొంగదీసుకుంటాయి. 1976 మే నెల 24న ప్యారిస్‌లోనే స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషు వర్తకుడు ఒక పరీక్ష పెట్టాడు. పేర్లు కనబడకుండా ఫ్రెంచి వైనులూ కాలిఫోర్నియా వైనులూ కలిపి ఫ్రెంచి నిపుణులచేత మార్కులు వేయించాడు. తెలుపులోనూ ఎరుపులోనూ మొదటి స్థానం కాలిఫోర్నియాకే వచ్చింది. పేర్లు చూస్తే ఆ మార్కులు అలా పడి ఉండేవా?

కంటి మోసం ఇంకా గడుసుది. బోర్డో పరిశోధకులు 2001లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, తెల్ల వైనులో వాసన లేని ఎర్ర రంగు కలిపి యాభై నలుగురికి ఇచ్చారు. వారు దాన్ని ఎర్ర వైనుకు వాడే మాటలతోనే వర్ణించారు. కాలిఫోర్నియా రాష్ట్రపు ప్రదర్శనలో ఒకే వైనును ఒకే వరుసలో మూడుసార్లు చెప్పకుండా పోస్తే, ఇంచుమించు ఒకే తీర్పు చెప్పగలిగిన న్యాయనిర్ణేతలు పదింట ఒకరేనని 2008లో తేలింది. పండితులకే ఇలా ఉంటే మనం మన నాలుకను చూసి బెదరనక్కరలేదు. అలాగని తొలి గుక్కకే తీర్పు చెప్పనూ కూడదు. నచ్చినదాన్ని అరగంట తరువాత మళ్ళీ రుచి చూడటం మంచిది. సీసానుంచి తడిసిన అట్టపెట్టె వాసన వేస్తే బిరడా చెడిపోయిందన్నమాట. మొహమాటపడకుండా రైతుకు చెబితే ఇంకొక సీసా తీస్తాడు.

రైతుతో నాలుగు మాటలు

సీసా దుకాణంలోనూ దొరుకుతుంది. దుకాణంలో దొరకనిది దాన్ని చేసిన మనిషి. ఈ సంతలో అన్నిటికంటె విలువైనది అదేనని నా అభిప్రాయం. "మీ దగ్గర అన్నిటికంటె మంచిదేది?" అని అడిగితే అన్నీ మంచివే అంటాడు, పాపం ఇంకేమంటాడు? "మీకు కష్టం తెచ్చిపెట్టిన సంవత్సరమేది?" అని అడగాలి.

షాబ్లీ నుంచి వచ్చిన ఒకామెను అలాగే అడిగించాను. మా అక్కయ్య వయస్సుంటుంది. చేతివేళ్ళు మన పొలంపని చేసే ఆడవాళ్ళ వేళ్ళలాగే మొరటుబారి ఉన్నాయి. ఆమె ఒక సీసా ముందుకు జరిపి, "2021" అన్నది. ఆ ఏడు ఏప్రిల్‌లో, చిగుళ్ళు వేసిన తరువాత, ఫ్రాన్సు తోటలమీద మంచు దాడి చేసింది. రాత్రంతా తీగల వరుసల మధ్య మంటలు వెలిగించి కాపలా కాశారట. తెల్లవారి చూస్తే చిగుళ్ళు నల్లబడి ఉన్నాయి. మిగిలిన కాపుతో చేసిన వైను ఇదని, చాలా కొద్దిగా పోసింది. పుల్లగా, సన్నగా, సున్నపురాతిమీద పడ్డ నీటిలా ఉన్నది. తుపానుకు వరి ఒరిగిపోయిన పొలం గట్టున నిలబడ్డ మన రైతుల్ని ఎరిగినవాణ్ణి. ఆమెకు ఓదార్పు చెప్పడానికి నాకు ఫ్రెంచి రాదు, చెయ్యెత్తి నమస్కరించాను. ఆమె కూడా, ఎక్కడ నేర్చిందో, రెండు చేతులూ జోడించింది. ఆ గ్లాసులోది మాత్రం ఉమ్మబుద్ధి కాలేదు.

ఇక మర్యాదలంటారా, అవి కొద్దివే. రుచి చూసి పక్కకు జరగాలి. పడిగకు అడ్డంగా నిలబడి కబుర్లాడరాదు. కొనేవాడు ఎదురుచూస్తుంటే రైతును వదిలిపెట్టాలి. నచ్చకపోతే ముఖం చిట్లించనక్కరలేదు, ధన్యవాదం చెబితే చాలు. కొనితీరాలన్న నియమం లేదు. కొనదలిస్తే మాత్రం సంత హోరులో కొనెయ్యకుండా, పేరూ ధరా రాసుకుని, ఆఖరి గంటలో నిదానంగా తిరిగివచ్చి కొనాలి.

మూడు గంటల్లో నేను చూసినవి పద్దెనిమిది. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పంక్తి రాసుకున్నాను. మా మేనల్లుడు కొన్నవి మూడు సీసాలు. వాటిలో ఒకటి ఆ 2021 షాబ్లీ. ఇప్పటికీ నా పుస్తకం తీస్తే ఆ పద్దెనిమిదీ నాలుకకు తడుతూనే ఉన్నాయి. నాలుగువేల తొమ్మిదివందల ఎనభై చిల్లర చూడకుండానే వచ్చేశాం. వాటికోసం విచారమేమీ లేదు. గుమ్మం దగ్గర ఇచ్చిన గ్లాసు మా ఇంటికి తెచ్చుకున్నాను. మూతి సన్నం కాబట్టి మా ఆవిడ అందులో ఏలకులు పోసి, పైన గుడ్డ బిగించింది. తీసినప్పుడల్లా గుప్పుమంటున్నాయి.